తిరిగి రానివాళ్ళ జాబితా

ఆసుపత్రి నుంచి ఇంటికి పోతున్నవాళ్ళలో ఎవరు నెల తిరక్కుండా మళ్ళీ వచ్చి చేరతారో ముందుగా అంచనా కట్టడం నా పని. వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రి రికార్డుల విభాగంలో చివరి గది నాది. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బుతో వచ్చినవాళ్ళ వివరాలు నా కంప్యూటరులోకి వచ్చేవి. వయసు, రక్తపరీక్షలు, వార్డులో ఎన్ని రోజులున్నారు, అంతకుముందు ఎన్నిసార్లు వచ్చారు, ఇంట్లో తోడు ఎవరున్నారు. వాటిని బట్టి ప్రోగ్రాము వాళ్ళను మూడు గుంపులుగా విడదీసేది. మళ్ళీ వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళు ఎరుపు, మధ్యవాళ్ళు పసుపు, తక్కువున్నవాళ్ళు ఆకుపచ్చ. ఎరుపులో ఉన్నవాళ్ళకు మా విభాగం సిస్టర్ వారం వారం ఫోను చేసేది. ఆకుపచ్చవాళ్ళకు ఎవరూ చేసేవారు కాదు.

మాది ఒంగోలు. పెళ్ళి నాలుగేళ్ళకే ముగిసిపోయింది. ఆ తరువాత, నలభై దగ్గరపడుతుండగా, తెలిసినవాళ్ళు ఎదురుపడని ఊరు కావాలని ఇక్కడికి వచ్చాను. ఆ కోరిక నేను అనుకున్నదానికంటే బాగా తీరింది. సత్తువాచారిలో కలెక్టరాఫీసు వెనక వీధిలో ఒక మేడమీద గది తీసుకున్నాను. తమిళం వింటే అర్థమయ్యేది గానీ మాట్లాడబోతే నోరు తిరిగేది కాదు. శనివారం మధ్యాహ్నం సిస్టరుకు వెళ్ళొస్తానని చెప్పాక, సోమవారం ఉదయందాకా నా గొంతు నేను వినని వారాలు చాలా ఉండేవి. ఒక సోమవారం ఆమె ఏదో అడిగితే జవాబు చెప్పబోయి, మాట పెగలక, ముందు కాసిని మంచినీళ్ళు తాగాల్సివచ్చింది. జలుబా అని అడిగింది. అవునన్నాను.

ఆ మూడు రంగుల మీద నాకు నమ్మకం కుదరలేదు. ఒక మనిషి ఎరుపులో పడ్డాడంటే అది మేం పాత రికార్డుల్లోంచి తీసుకున్న రోగులతో పోల్చడం వల్ల. ఆ పాతవాళ్ళలో కొందరు అటూ ఇటూ అయివుంటే ఈ మనిషి రంగు మారిపోయేదేమో. అది తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పాత రోగులందరి పేర్లూ చీటీలు రాసి డబ్బాలో వేశామనుకోండి. ఒక చీటీ తీసి, పేరు రాసుకొని, మళ్ళీ డబ్బాలో వేసి, ఇంకొకటి తీయాలి. అలా తయారైన జాబితాలో కొందరు రెండుసార్లు వస్తారు, కొందరు అసలు రారు. కంప్యూటరు చేత అలాంటి జాబితాలు రెండు వందలు చేయించి, ప్రతి జాబితాతోనూ గుంపులు మొదటినుంచీ కట్టించాను. చాలామంది రెండు వందల సార్లూ ఒకే రంగులో నిలబడ్డారు. కొందరు మాత్రం ఒకసారి ఎరుపులో, ఇంకోసారి ఆకుపచ్చలో పడ్డారు. వాళ్ళకూ మేం ఏదో ఒక రంగు వేసి ఇంటికి పంపుతున్నాం. వాళ్ళ గురించి మాకు నిజంగా తెలిసింది ఏమీ లేదు.

ఈ సంగతి మీటింగులో చెప్పాను. గుండె విభాగం పెద్ద డాక్టరుగారు కరుకుగా మాట్లాడే మనిషి కాదు. అంతా విని, "ఫోను చేయడానికి మనకు ఉన్నది ఒక్క మనిషి. ఎవరికి చెయ్యాలి, ఎవరికి వద్దు, ఆమెకు కావలసింది అంతే. ఈ రోగి సగం ఎరుపు అని చెబితే ఆమె సగం ఫోను చేస్తుందా?" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

సిస్టరుది చిత్తూరు. ఆమె నవ్వలేదు. "ఆ రంగుల మధ్య ఊగేటోళ్ళకు ఎవరో ఒకరు చెయ్యాల కదా సార్. నాకు ఇప్పుడుండే పనే జాస్తిగా ఉండాది" అంది.

డాక్టరుగారు నా వైపు తిరిగారు. "మీరే చేయండి. ఒక నెల చూద్దాం. ముప్పై రోజుల్లో వాళ్ళలో ఎవరు తిరిగొస్తారో అప్పుడు మాట్లాడుకుందాం."

అన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఒక్క రోగితో కూడా మాట్లాడలేదు. కాళ్ళు వాచాయా, పడుకుంటే ఆయాసం వస్తోందా, మాత్రలు వేసుకుంటున్నారా అనే ప్రశ్నలు తమిళంలో ఎలా అడగాలో సిస్టర్ చెబితే తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అవతలివాళ్ళు నా తమిళం విని ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్ళు. తెలుగు మాట్లాడే ఇళ్ళు కూడా జాబితాలో కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి గుడియాత్తంలో, మగ్గాల వీధిలో. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ. రెండు వందల్లో దాదాపు సగంసార్లు ఎరుపు, సగంసార్లు ఆకుపచ్చ. ఇంట్లో తోడు అన్నచోట 'కొడుకు' అని ఉంది.

"ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానండీ. ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను.

అవతల ఏదో తిరుగుతున్న చప్పుడు ఆగింది. తరువాత, "తెలుగోళ్ళా? యాడమ్మా మీది?" అంది.

"ఒంగోలు."

"అదే అనుకుంటి. సినిమాలో మాదిరి మాట్లాడతా ఉండావు. ఇంగ కొంచెం మాట్లాడు, వింటా."

నా ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. కాళ్ళు సాయంత్రానికి కొంచెం వాస్తున్నాయంది. మీ అబ్బాయి మాత్రలు గుర్తుచేసి ఇస్తున్నాడా అని అడిగాను.

"ఏ అబ్బాయి?"

"మీతో ఉండే అబ్బాయి. ఇక్కడ కొడుకు అని రాసివుంది."

"నాకు కొడుకు యాడుండాడమ్మా? పిల్లకాయలే లేరు. మా ఇంటాయన పోయి తొమ్మిదేండ్లయినాది. ఆ పొద్దు నన్ను తోలుకొచ్చింది మా వీధిలో ఆటో నడిపే మనిషి. రాసుకునే ఆయన 'ఉంగ పయ్యనా' అన్నాడు. మా వీధి పయ్యనే కదా అని, ఆమా అన్నా."

తమిళంలో పయ్యన్ అంటే కుర్రవాడూ అవుతాడు, కొడుకూ అవుతాడు. ఆవిడ అవుననేసరికి గుమాస్తా కొడుకని రాసుకున్నాడు. దాన్ని సరిచేసి మళ్ళీ రెండు వందల సార్లు గుంపులు కట్టిస్తే ఆవిడ చాలాసార్లు ఎరుపులో పడింది. ఆ సాయంత్రం కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. అనుమానాన్ని కొలిచానని నేను మీటింగులో చెప్పుకున్నాను. కాగితం మీద రాసిందంతా నిజమని నమ్మి, ఆపైన మిగిలిన అనుమానాన్ని మాత్రమే కొలిచాను. రాసిందే తప్పయితే అది నా రెండు వందల జాబితాల్లోనూ తప్పే. అన్నీ కలిసి ఒకే తప్పు చెబితే నాకు అది నమ్మకంలాగే కనిపిస్తుంది.

ఎరుపువాళ్ళ ఇళ్ళకు సిస్టర్ అప్పుడప్పుడు వెళ్ళేది. ఈసారి గుడియాత్తం వెళుతుంటే నేనూ వస్తానన్నాను. పళ్ళికొండ మీదుగా బస్సు. ఊళ్ళోకి పోయేముందు కౌండిన్య నది వంతెన దాటాం. కింద అంతా ఇసుకా ముళ్ళకంపా. పైన మోర్ధానా డ్యాములో నీళ్ళు వదిలితేగానీ ఇక్కడ తడి కనిపించదని సిస్టర్ చెప్పింది. మగ్గాల వీధిలో సగం ఇళ్ళనుంచి మరమగ్గాల మోత వస్తోంది. ఆవిడ ఇల్లు ఒకటే గది. ఒకప్పుడు మగ్గం ఉన్న గుంటను మట్టితో పూడ్చారు, అక్కడ నేల ఇంకా కొంచెం దిగి ఉంది. ఆవిడ గోడకు ఆనుకొని కూర్చొని రాట్నం మీద పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. సన్నటి మనిషి, పాదాలు మాత్రం ఆమెవి కానట్టు లావుగా ఉన్నాయి. సిస్టర్ వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గానీ పూడలేదు.

"నీరు పోయే మాత్ర వేసుకుంటా ఉండావా?" అంది సిస్టర్.

"వేసుకుంటా ఉండా."

సిస్టర్ మాత్రల అట్ట తీసి చూసింది. దాదాపు నిండుగా ఉంది. ఆవిడ సిగ్గుపడింది.

"ఆదివారం వేసుకుంటా. పని దినాల్లో వేసుకుంటే గంటకు నాలుగు తూర్లు లేయాల. కక్కసుదొడ్డి వీధి ఆ కొసలో ఉండాది. పోయి వచ్చేలోపల ఆయాసం. కండెలు ఆగిపోతే మగ్గం ఆగిపోతాది కదమ్మా."

సిస్టర్ అక్కడినుంచే వార్డు డాక్టరుకు ఫోను చేసి మాట్లాడి, మాత్ర తెల్లవారుజామునే, పని మొదలుకాకముందు వేసుకునేలా మార్పించింది. రోజూ బరువు చూసుకోమని, రెండు కిలోలు పెరిగితే ఫోను చేయమని చెప్పింది. ఇంట్లో తూకం లేదు. వీధి మొదట్లో శెట్టిగారి అంగడిలో బస్తాలు తూచే కాటా ఉందని, దానిమీద నిలబడతానని ఆవిడే అంది. తరువాత సిస్టర్ పక్క వీధిలో ఇంకో రోగిని చూసి వస్తానని వెళ్ళింది. నేను ఉండిపోయాను.

ఆవిడ కాసేపు దారం చుట్టి, చెయ్యి ఆపింది. "ఫోనులో నీకు ఒక మాట సరిగ్గా చెప్పలా" అంది. "రాసుకునే ఆయన కొడుకా అనే అడిగినాడు. నాకు అర్థమయినాది. పక్క మంచంలో ఒక ఆమె తనియా, ఒంటిగా ఉంటానని చెప్పింది. ఎవరన్నా వస్తేనే పంపిస్తామని ఆమెను నిలిపేసినారు. నాకెవరొస్తారు? అందుకే ఆమా అన్నా."

ఆమె పక్కన దొర్లిన కండె ఒకటి తీసి అందించాను.

"ఆ నాలుగు దినాలు అందరూ నీ కొడుకు వచ్చినాడా, నీ కొడుకు వచ్చినాడా అని అడగతా ఉండిరి. బాగనే ఉండె" అంది. మళ్ళీ రాట్నం తిప్పుతూ, "నీకెవరుండారమ్మా?" అని అడిగింది.

"అందరూ ఉన్నారు పెద్దమ్మా" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, "సరి" అంది. ఇంకేమీ అడగలేదు.

ఆ తరువాత ప్రతి బుధవారం ఫోను చేసేదాన్ని. మిగతావాళ్ళతో రెండు మూడు నిమిషాలు, ఆమెతో అరగంట. శెట్టిగారు తన బరువును అంగడి నిండా వినపడేట్టు అరిచి చెబుతున్నాడని ఫిర్యాదు చేసేది. నేను ఏం వండుకున్నానో అడిగేది. నేను ఉట్టి పెరుగన్నం తిన్న రోజుల్లో కూడా కూర పేరేదో కల్పించి చెప్పేదాన్ని. ఒక బుధవారం ఆమె నీరసంగా మాట్లాడితే హుషారు చేద్దామని, "ముప్పై రోజులు మళ్ళీ రాకుండా ఉన్నారంటే మీరు పాసైనట్టే పెద్దమ్మా. మా డాక్టరుగారి దగ్గర నేనూ పాసైనట్టే" అన్నాను. ఆమె నవ్వింది. నాకు ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉంది.

తరువాతి బుధవారం ఆమె ఫోను ఎత్తలేదు. గురువారం కూడా ఎత్తలేదు. ఫోను చార్జింగు పెట్టుకోవడం మరిచిపోవడం ఆమెకు అలవాటే. ఆ పై వారం ఎత్తి, బాగున్నానని చెప్పింది. గొంతు చిన్నదిగా వినిపించింది. పని జాస్తిగా ఉందంది. ముప్పై రోజులు గడిచాయి. మా రికార్డుల్లో ఆమె పేరుకు ఎదురుగా 'తిరిగి రాలేదు' అని పడింది. ఊగేవాళ్ళకు ఫోను చేయడం వల్ల ఉపయోగం ఉందని పట్టిక వేసి డాక్టరుగారికి ఇచ్చాను. బాగుందన్నారు. ఆయన నా పనిని బాగుందనడం అదే మొదటిసారి.

పది రోజుల తరువాత, పని కోసం కాకుండా ఊరికే మాట్లాడదామని ఫోను చేశాను. పక్కింటామె ఎత్తింది. పెద్దమ్మ పడుకొని ఉందని చెప్పింది. మళ్ళీ ఏమైనా చేసిందా అని అడిగాను.

"మళ్ళీ అంటే, అప్పుడు నర్సింగ్‌హోములో ఐదు దినాలుండి వచ్చిందే, అప్పట్నుంచి లేవలేకుండా ఉండాది."

"ఏ నర్సింగ్‌హోము? ఎప్పుడు?"

"ఈడే, మా ఊళ్ళోనే. మీరు ఫోను చేస్తే ఎత్తలేదు చూడండి, ఆ వారం. ఆయాసం వచ్చి ఒళ్ళంతా వాచిపోయినాది. వేలూరికి పోదాం రామ్మా అని ఆటో పిలిపిస్తి. రానంటే రాననె. ముప్పై దినాల్లోపల పోతే ఫోను చేసే ఆ పాప లెక్క చెడిపోతాదంట."

ఫోను పెట్టేశాను. ఆ పట్టిక కంప్యూటరులో తెరిచే ఉంది. 'తిరిగి రాలేదు' అన్న ఆ ఒక్క మాట నేనే ఆమె చేత రాయించాను. నర్సింగ్‌హోములో గుండెకు సరైన మందు ఎంత ఆలస్యంగా అందిందో నాకు తెలియదు. అక్కడివాళ్ళు బాగానే చూసివుండొచ్చు. కానీ ఆమెకు ఏ మందు పడుతుందో, ఏది పడదో రాసిన కాగితాలు మా దగ్గర ఉన్నాయి.

మరునాడు డాక్టరుగారి గదికి వెళ్ళి, ఏదీ దాచకుండా, నేను ఆమెతో అన్న మాటతో సహా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. తిడతారనుకున్నాను.

"తిరిగి రాలేదని మనం రాసుకున్నవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఇంకా ఎంతమంది?"

"తెలియదు సార్."

"తెలుసుకోండి" అన్నారు. కొంచెం ఆగి, "ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు" అన్నారు.

ఆ తరువాత మూడు వారాలు సిస్టరూ నేనూ, ఏ రంగులో ఉన్నా సరే, తిరిగి రాలేదని రాసివున్న ప్రతి ఇంటికీ ఫోను చేశాం. చాలామంది నిజంగానే బాగున్నారు. కొందరు వేరే ఊళ్ళో వేరే ఆసుపత్రిలో చేరి వచ్చారు. కొన్ని ఇళ్ళలో మా ప్రశ్న విని ఒక్క క్షణం మౌనం. ఆ మౌనం తరువాత ఏం చెబుతారో నాకు కొన్నాళ్ళకు ముందే తెలిసిపోయేది. ఒకాయన తన భార్య పోయి ఇరవై రోజులైందని చెప్పి, ఆమె ఎలా పోయిందో అంతా వివరంగా తమిళంలో చెప్పుకుంటూపోయాడు. నాకు సగమే అర్థమైంది. మధ్యలో ఆపడానికి నోరు రాలేదు. మా పట్టికలో అంతవరకూ ఆమె పేరు బాగున్నవాళ్ళలో ఉంది. ఆకుపచ్చలో నిలకడగా, రెండు వందల సార్లూ నిలబడిన పేరు.

చివరికి కొన్ని మార్పులు జరిగాయి. మూడు రంగులు అలాగే ఉన్నాయి గానీ ప్రతి రంగు పక్కనా అది ఎంత నిలకడైనదో చెప్పే గడి ఒకటి వచ్చింది. నిలకడ లేనివాళ్ళకూ ఫోను వెళుతుంది, అందుకు ఇంకో సిస్టరును వేశారు. వచ్చారు, రాలేదు అన్న రెండింటికి తోడు 'తెలియలేదు' అని రాసే వీలు పెట్టారు. ముప్పై రోజుల లెక్క సంగతి రోగులతో అనకూడదని ఫోను చేసేవాళ్ళకిచ్చే సూచనల పేజీ అడుగున నేనే రాశాను.

ఆమెను చూడటానికి ఒక ఆదివారం ఒంటరిగా గుడియాత్తం వెళ్ళాను. చాపమీద రెండు దిండ్లు ఎత్తు పెట్టుకొని పడుకొని ఉంది. రాట్నాన్ని మూలకు జరిపేశారు.

"నా లెక్క కోసం ఎందుకట్లా చేశారు పెద్దమ్మా" అన్నాను.

"లెక్క ఎవరికి కావాల" అంది. "ఆ పొద్దు ఫోనులో నువ్వు సంతోషంగా ఉండావు. దాన్ని చెడగొట్టేదానికి మనసు రాలా."

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమని అనలేదు. చెయ్యి చాచి నా మోకాలి మీద పెట్టింది, అంతే. ఏడుపు ఆగాక, "నాకు ఎవరూ లేరు పెద్దమ్మా. ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు. అందరూ ఉండేటోళ్ళు ఆ మాట ఇంటి పేరు చెప్పినట్ల ఒక్క ముక్కలో చెప్పరు. మా అక్క కూతురు పెట్టే పోరు, మా చిన్నాయన చేసిన పని, ఇట్ల ఏదో ఒకటి వస్తాది మాటలో. నీ మాటలో ఎవరూ రాలా."

ఆ సాయంత్రం బస్సు ఎక్కేముందు ఆమెను వేలూరులో డాక్టరుగారికి చూపించడానికి ఒప్పించాను. ఆ వారమే వచ్చింది, ఆరు రోజులుంది, మందులు మార్చారు, కాళ్ళ వాపు దిగింది. ఈసారి ఇంట్లో తోడు అన్న గడి ఖాళీగా వదిలేయమని తనే చెప్పింది. తరువాత రెండు నెలలు బాగానే ఉంది. ఆ రెండు నెలలూ నేను ప్రతి ఆదివారం గుడియాత్తం వెళ్ళాను. ఆమె చెప్పినట్టు వంకాయ పులుసు వండితే డాక్టర్లు వద్దన్న ఉప్పు లేకపోయినా తినగలిగేలా వచ్చింది.

మూడో నెలలో నాకు డెంగీ జ్వరం వచ్చి పదిహేను రోజులు గది దాటలేదు. ఫోను చేస్తే రెండుసార్లు మాట్లాడింది, తరువాత నంబరు కలవలేదు. లేవగలిగాక వెళితే ఇంటికి తాళం. పెద్దమ్మను వాళ్ళ అక్క కూతురు నెమిలి అనే ఊరి నుంచి వచ్చి తోలుకుపోయిందని పక్కింటామె చెప్పింది. ఒంట్లో బాగుండి పోయిందా, బాగాలేక పోయిందా అని అడిగాను. నడిచే పోయిందంది. ఫోను నీళ్ళతొట్టిలో పడి పాడైందట. నెమిలిలో ఎక్కడంటే, రైసుమిల్లు పక్కన అని మాత్రం తెలుసంది.

సెలవు పెట్టి నెమిలి వెళ్ళాను. రాణిపేటలో బస్సు మారాను, దారి పొడుగునా వరిపొలాలు. అక్కడ రైసుమిల్లులు మూడు ఉన్నాయి. మూడింటి దగ్గరా, గుడియాత్తం నుంచి వచ్చిన తెలుగావిడ, కాళ్ళు వాచివుంటాయి, కండెలు చుట్టేది అని నా తమిళంలో అడిగాను. ఒకచోట తెలియదన్నారు. ఒకచోట ఎవరినో చూపిస్తే ఆమె వేరే మనిషి. మూడోచోట మిల్లు మూసివుంది, పక్కనున్న ఇళ్ళలో ఎవరూ తలుపు తీయలేదు. మధ్యాహ్నానికి వాన మొదలైంది. బస్టాండులో రేకు కింద నిలబడి ఇడ్లీ తిన్నాను. పక్కన కూర్చున్న ముసలామె, కూరగాయల గంప ముందు పెట్టుకొని, ఎవరికోసం వచ్చావని అడిగింది.

"మా పెద్దమ్మ కోసం" అని తమిళంలోనే, తడుముకోకుండా చెప్పాను. "కనిపించలేదు."

ఆమె తల ఊపి, గంప కొంచెం పక్కకు జరిపి, నాకు కూర్చోవడానికి చోటిచ్చింది.